ఆ రాత్రి నువ్వు విన్నది రాయి

బాబూ,

అమెరికా పాటల బృందం బీచ్ బాయ్స్ కచేరీ చూసొచ్చి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి గబగబా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. నాలుగు పేజీల్లో నన్ను కదలకుండా కూర్చోబెట్టిన వాక్యం ఒకటుంది: "పాట మధ్యలో మైక్ లవ్ ఊపిరి తీసుకుంటే ఆ చప్పుడు స్పీకర్లలో మాకందరికీ వినిపించింది." నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఇప్పుడది మూడో పేజీ అడుగున పడి ఉంది.

దానికి ముందు రెండు పేజీల నిండా చరిత్రే. బృందం మొదలైన 1961, కాలిఫోర్నియాలో హాథార్న్ అనే ఊరు, బ్రయాన్, డెన్నిస్, కార్ల్ అనే ముగ్గురు విల్సన్ అన్నదమ్ములు, కజిన్ మైక్ లవ్, స్నేహితుడు అల్ జార్డీన్. తప్పులేమీ లేవు. కానీ చదివేవాళ్లు ఇంకా గేటు బయటే నిలబడి ఉన్నారు, లోపల పాట అయిపోతోంది. ఆ వివరాలు పారెయ్యమనడం లేదు. పాట వింటూ ఉండగా ఏది అవసరమైతే అది అప్పుడు రావాలి. అన్నట్టు, కజిన్ అని ఎందుకు రాశావు? మైక్ తల్లి విల్సన్ల తండ్రికి తోబుట్టువు. అంటే అతను వాళ్ల మేనత్త కొడుకు. మన భాషలో ఆ ఒక్క మాటతో ఇంట్లో ఎవరి చోటేమిటో తెలిసిపోతుంది. ఒకే ఇంటి పిల్లలు గొంతులు కలిపి పాడిన పాటలవి, ఆ చుట్టరికం నీ వ్యాసానికి కావాలి.

"అసలువాళ్లలో మైక్ ఒక్కడే మిగిలాడు, కాబట్టి ఇది అసలు బీచ్ బాయ్స్ కాదు" అని రాశావు. ఇక్కడ నీతో కాస్త వాదించాలి. డెన్నిస్ 1983లో పోయాడు, కార్ల్ 1998లో, బ్రయాన్ 2025 జూన్‌లో. అల్ జార్డీన్ ఒకప్పుడు బ్రయాన్‌తో వాయించినవాళ్లను వెంటబెట్టుకుని వేరేగా కచేరీలు చేస్తున్నాడు. లెక్క వరకు నువ్వన్నది సరే. కానీ 1964 డిసెంబరులో ఏమైందో చూడు. హ్యూస్టన్ వెళ్లే విమానంలో బ్రయాన్ కుప్పకూలి ఏడ్చేశాడు. అప్పటికతనికి 22 ఏళ్లు. టెన్షన్ తట్టుకోలేక ఊరూరా తిరిగే కచేరీలు మానేశాడు. అతని బదులు కొన్నాళ్లు గ్లెన్ క్యాంప్‌బెల్ అనే గాయకుడు వేదికెక్కాడు, 1965లో బ్రూస్ జాన్‌స్టన్ వచ్చాడు. 1966 జనవరిలో మిగతావాళ్లు జపాన్‌లో కచేరీలు చేస్తుంటే బ్రయాన్ లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో కూలికి వాయించే వాద్యకారులతో "పెట్ సౌండ్స్" కడుతున్నాడు. వాళ్లు తిరిగొచ్చి గొంతులిచ్చారు. ఆ మేలో రికార్డు వచ్చింది.

అంటే పాటలు కట్టినవాడు వేదిక మీద లేకపోవడం ఈనాటిది కాదు. జనం ఎగబడి టికెట్లు కొన్న రోజుల్లోనే అతను లేడు. అసలా నకిలీనా అన్న ప్రశ్న పక్కనబెట్టు. ఎవరు లేరు, వాళ్ల వంతు ఇప్పుడెవరు పాడుతున్నారు, ఆ కొత్త గొంతు ఎక్కడ అతికింది, ఎక్కడ అతకలేదు, అది విను. మైక్ కొడుకు క్రిస్టియన్ లవ్ ఆ బృందంలో గిటార్ వాయిస్తూ పాడతాడు. తండ్రి పక్కన నిలబడి కొడుకు పాడుతుంటే నీకేమనిపించిందో నీ వ్యాసంలో ఒక్క మాట లేదు. నాకైతే సురభి నాటకాలు గుర్తొచ్చాయి. తాత వేసిన వేషం మనవడు వేస్తే సురభి కాదని మనం అనం కదా. కానీ అది నాకు గుర్తొచ్చింది. నీకు గుర్తు రాకపోతే నీ వ్యాసంలో పెట్టకు.

నా సంగతి ఒకటి చెప్తాను. 2012లో ఆ బృందం 50 ఏళ్ల పండుగకి మళ్లీ కలిసింది. బ్రయాన్, మైక్, అల్, బ్రూస్, తొలి రోజుల్లో వాళ్లతో వాయించిన డేవిడ్ మార్క్స్, ఐదుగురూ ఒకే వేదిక మీద. అప్పుడు నేను అమెరికాలో మా అమ్మాయి దగ్గరున్నాను. అల్లుడు టికెట్లు తెస్తే వెళ్లాం. బ్రయాన్ పియానో ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా తెర, దాని మీద పాట మాటలు. తను రాసిన పాటను తనే చదువుకుంటూ పాడుతున్నాడు. కొన్నిసార్లు చేతులు పియానో మీద ఊరికే ఉండేవి. మా వెనక వరసలో ఒకతను "పాపం" లాంటి మాటేదో గొణిగాడు. తర్వాత వేరే పాటలో వేదిక వెనక పెద్ద తెర మీద కార్ల్ బొమ్మ వచ్చింది, రికార్డు చేసిన అతని గొంతు వచ్చింది, బతికున్నవాళ్లు దానికి వంత పాడారు. చనిపోయిన తమ్ముడి గొంతుకి అన్న వంత పాడటం నేను కళ్లారా చూశాను.

ఇంటికొచ్చి ఏం రాశానో తెలుసా? వయసు అడ్డు కాదని, కళకు ముసలితనం లేదని రాశాను. తెర సంగతి రాయలేదు. ఆగిపోయిన చేతుల సంగతీ రాయలేదు. పెద్దాయన్ని చిన్నబుచ్చినట్టవుతుందని భయపడ్డాను. ఇన్నేళ్లయినా ఆ వ్యాసం గురించి బాధపడుతున్నాను. చూసిందాన్ని మర్యాద పేరు చెప్పి దాచేశాను. పైగా పొగిడాను. జాలిపడినా పొగిడినా మనిషి కనపడకుండా పోతాడు. కుడి చెవి దాదాపు వినపడని మనిషి, విమానంలో కుప్పకూలిన మనిషి, డెబ్బై ఏళ్ల వయసులో తెర చూసుకుంటూ అయినా వచ్చి కూర్చున్నాడు. అది రాయాల్సింది. నీ వ్యాసంలో మైక్ ఊపిరి చప్పుడు ఉంది కనకే ఇదంతా నీకు చెప్తున్నాను. నేను చెయ్యలేనిది నువ్వు చేశావు, కానీ వెంటనే భయపడి తర్వాతి వాక్యంలో "అయినా ఎనర్జీ ఏమాత్రం తగ్గలేదు" అని కప్పేశావు. ఆ వాక్యం కొట్టెయ్యి.

గొంతుల సంగతికొద్దాం. "హార్మొనీ అద్భుతం" అని ఆరుచోట్ల రాశావు. మన చెవికి హార్మొనీ అలవాటు తక్కువ. భజనలో అందరం ఒకే వరస పాడతాం. వాళ్లు ఒకే మాటను నలుగురైదుగురు వేర్వేరు స్థాయిల్లో ఒకేసారి పాడతారు. బ్రయాన్ చిన్నప్పుడు ఫోర్ ఫ్రెష్‌మెన్ అనే గాయక బృందం రికార్డులు పదేపదే విని, ఒక్కో గొంతూ విడదీసి, తమ్ముళ్లకి ఒక్కో వరస నేర్పేవాడు. నువ్వూ అలాగే విడదీసి చెప్పు. అడుగున ఎవరున్నారు, పైన సన్నని గొంతు ఎవరిది, ఆ పైగొంతు లేకపోతే పాట ఎలా ఉండేది. "గుడ్ వైబ్రేషన్స్" 1966లో నాలుగు స్టూడియోల్లో, నెలల తరబడి, ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి అతికించిన పాట. వేదిక మీద దాన్ని ఆపకుండా పాడాలి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కలోకి దూకేటప్పుడు వాళ్లేం చేశారు? డ్రమ్మర్ వైపు చూశారా? అక్కడ నువ్వు సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తున్నానని రాశావు. ఈసారి వెళ్తే ఫోన్ జేబులో పెట్టుకో.

మా ఊళ్లో ఒక పద్యనాటక నటుడు ముసలితనంలో పాడగా విన్నాను. హార్మోనియం ఆయన శ్రుతి దించి ఇచ్చాడు. రాగం తీస్తూ తీస్తూ పైకి వెళ్లలేక ఆయన ఆగాడు. జనం కేకలెయ్యలేదు. ఆ మిగిలిన రాగం ప్రతివాళ్లూ లోపల పాడుకున్నారని వాళ్ల మొహాలు చూస్తే తెలిసింది. అరవయ్యేళ్ల కిందటి పాటలకి మనుషులెందుకు వెళ్తారో నాకు కొంత అక్కడే అర్థమైంది.

రిషీకేశ్ పేరా మొత్తం తీసేశాను. 1968లో మైక్ లవ్ మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో బీటిల్స్‌తో పాటు ఉన్న మాట నిజమే. కానీ ఆ రాత్రి నువ్వు విన్నదానికి దాంతో పనిలేదు, మనవాళ్లు సంతోషిస్తారని పెట్టావు. "సముద్రాన్ని పాడినవాణ్ణి సముద్రమే తీసుకుపోయింది" అన్న వాక్యం కూడా కొట్టేశాను. ఆ బృందంలో నిజంగా సర్ఫింగ్ చేసింది డెన్నిస్ ఒక్కడే. పడవలు కట్టేసే రేవులో, డిసెంబరు చలినీళ్లలో మునిగి 39 ఏళ్లకే చనిపోయాడు. ఒక మనిషి చావు మీద చమత్కారం వద్దు. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు.

చివరగా ఇంకొకటి. నీ పక్క సీట్లో కూర్చున్న పెద్దావిడ పైకి పాడలేదని, పెదవులు మాత్రం కదిపిందని రాసి వదిలేశావు. ఏ పాటకి? ఎక్కడ మొదలుపెట్టింది, ఎక్కడ ఆగింది? గుర్తు చేసుకో. గుర్తుంటే ఆవిడకి ఒక పేరా ఇవ్వు, లేకపోతే ఆవిణ్ణి తీసెయ్యి. దసరా దాకా ఊళ్లోనే ఉంటాను. తిరగరాసి పంపు, మళ్లీ పెన్సిల్ పట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అమ్మలాంటి
ఒక పాత రచయిత్రి