పాత సీఎన్‌సీ మిల్లింగ్ మెషిన్ కొనొచ్చా?

ప్రశ్న: వరంగల్‌లో చిన్న వర్క్‌షాప్ నడుపుతున్నాను. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక సెకండ్ హ్యాండ్ సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిల్లింగ్ మెషిన్ చూశా, పెయింట్ తళతళలాడుతోంది. ఏం చూసి కొనాలి?

జవాబు: ముందు ఆ పెయింట్ సంగతి వదిలేయండి. మీరు వెళ్లేదాకా మెషిన్ ఆన్ చేయొద్దని చెప్పి, చల్లగా ఉన్న స్పిండిల్‌ని (టూల్‌ని తిప్పే ఇరుసుని) మీ ముందే మెల్లగా స్పీడ్ పెంచుతూ అరగంట తిప్పిస్తే, బేరింగ్ పాడైతే గరగర శబ్దమో అతి వేడో బయటపడుతుంది. డయల్ గేజ్ (చిన్న కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) మీరే పట్టుకెళ్లి, దాని మొన టేబుల్‌కి ఆనేలా పెట్టండి. టేబుల్‌ని ఒకవైపు జరిపి, మళ్లీ వెనక్కి 0.01 మి.మీ. చొప్పున బటన్ నొక్కుతూ జరిపి చూడండి. రెండు మూడు నొక్కులకీ ముల్లు కదల్లేదంటే బాల్ స్క్రూ (టేబుల్‌ని జరిపే మర) లూజైనట్టే. మధ్యలోనూ చూడండి, చివర్లలోనూ చూడండి, అరుగుదల మామూలుగా మధ్యలోనే ఎక్కువ. పారామీటర్ల (మెషిన్ సెట్టింగుల) బ్యాకప్ చేతికి రాకుండా లారీ ఎక్కించకండి, కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే అవి చెరిగిపోవచ్చు (నాకు ఒకసారి ఈ దెబ్బ తగిలింది, వారం పని ఆగింది). పవర్ లేదు, రేపు చూపిస్తా అంటే రేపే వెళ్లండి, అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.