అమ్మాయి ప్రెస్బిటేరియన్ పాస్టర్ అవుతానంటోంది, ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మాది మచిలీపట్నం, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. చాలా ఏళ్ళుగా ఒహాయోలో ఓ చిన్న ఊళ్ళో ఉంటూ ఇక్కడి పీసీయూఎస్ఏ ప్రెస్బిటేరియన్ చర్చికి వెళ్తున్నాం. అమ్మాయి వచ్చే మేలో డిగ్రీ ముగించి పాస్టర్ అవుతానంటోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇలాంటి ఊళ్ళో చర్చి జీతంతో కుటుంబం గడుస్తుందా?

జవాబు: గడుస్తుంది. కానీ జీతం అంకె ఒక్కటే చూసి ఒప్పుకుంటే మాత్రం ఇబ్బందే. సీఎస్ఐలోలాగా బిషప్ గారు పోస్టింగ్ వేయడం, కొన్నేళ్ళకు బదిలీ చేయడం ఇక్కడ ఉండవు. సంఘమే పాస్టర్‌ని వెతుక్కుని ఓటు వేసి పిలుస్తుంది, ప్రెస్బిటరీ, అంటే ఆ ప్రాంతపు చర్చిల ఉమ్మడి పాలక సభ, ఆమోదిస్తుంది. ఈ శాఖలో స్త్రీలకు 1956 నుంచే ఆర్డినేషన్, అంటే పాస్టర్‌గా అభిషేకం, ఉంది. పీసీఏ అని ఇంకో ప్రెస్బిటేరియన్ శాఖ ఉంది, అందులో లేదు. ఎక్కడికైనా దరఖాస్తు పెట్టేముందు బోర్డు మీద పేరు సరిగా చదువుకోమనండి.

మొదటి మెట్టు సెమినరీ (పాస్టర్ చదువు చెప్పే కాలేజీ) కాదు, మీ చర్చి సెషన్. అంటే పెద్దల సభ. కనీసం ఆరు నెలలుగా అక్కడ సభ్యురాలై, పనుల్లో పాల్గొంటూ ఉంటేనే వాళ్ళు ప్రెస్బిటరీకి సిఫారసు చేస్తారు. ముందు ‘ఇంక్వైరర్’, అంటే ఈ పని తనకు తగునా అని పరిశీలించుకునే దశ. తర్వాత ‘క్యాండిడేట్’, అంటే పాస్టర్ పనికి సిద్ధపడే దశ. రెండూ కలిపి రెండేళ్ళకు తగ్గకూడదు, క్యాండిడేట్‌గా కనీసం ఏడాది ఉండాలి. చాలామంది సెమినరీలో చేరిపోయి, రెండో ఏడు గడిచాక సెషన్ తలుపు తడతారు. దాంతో చదువు ముగిసినా గడువు ముగియక ఖాళీగా కూర్చోవాల్సి వస్తుంది.

సెమినరీలో చదివే డిగ్రీ ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) మూడేళ్ళు. హీబ్రూ, గ్రీకు తప్పవు. చాలా ప్రెస్బిటరీలు ఆసుపత్రి సేవా శిక్షణ కూడా ఒక యూనిట్, అంటే 400 గంటలు, అడుగుతాయి. బైబిల్ కంటెంట్ పరీక్ష మొదటి ఏడాదే రాసేయాలి. అందులో నూటికి డెబ్బై రావాలి, సండే స్కూల్ జ్ఞానంతో రావు. వ్యాఖ్యానం, వేదాంతం, ఆరాధన–సంస్కారాలు, చర్చి పరిపాలన అనే నాలుగు పరీక్షలు ఆ తర్వాత. ఇవన్నీ పాసైనా ఏదైనా సంఘం నుంచి పిలుపు వస్తేనే ఆర్డినేషన్. సెమినరీని పేరు చూసి కాకుండా ట్యూషన్ ఎంత మాఫీ చేస్తుందో చూసి ఎంచుకోండి. చిన్న ఊరి జీతంతో పెద్ద అప్పు తీరదు.

ఇక డబ్బు సంగతి. జీతం 30,000 డాలర్లు, ఇంటి భత్యం 24,000 అనుకుందాం. భత్యం మొత్తం నిజంగా ఇంటికే ఖర్చయితే దాని మీద ఆదాయపు పన్ను పడదు. అయితే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్), మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) పన్నుల విషయంలో పాస్టర్ స్వయం ఉపాధి కిందికి వస్తుంది కాబట్టి 15.3 శాతం తనే కట్టుకోవాలి, అదీ భత్యంతో కలిపి. 54,000 మీద లెక్కవేస్తే సుమారు 7,630 డాలర్లు. ఇందులో కొంత చర్చి భరిస్తుందా అని పిలుపు ఒప్పుకోకముందే అడగాలి. భత్యం ఎంతో సెషన్ ముందుగానే తీర్మానించి మినిట్స్‌లో రాయాలి. ఏడాది చివర్లో వెనక్కి తేదీ వేసి రాస్తే చెల్లదు. చిన్న చర్చిల్లో లెక్కలు చూసేది వాలంటీరు ట్రెజరరే. మామూలు ఉద్యోగికి లాగా సోషల్ సెక్యూరిటీ కోసేస్తుంటారు, అది తప్పు. మొదటి పే స్టబ్ చూసినప్పుడే పట్టుకోవాలి. ‘ఈ పన్ను నుంచి మినహాయింపు కోరే 4361 ఫారం పెట్టేస్తే ఈ బాధే ఉండదు’ అని సలహా ఇచ్చేవాళ్ళు తగులుతారు. అది మత విశ్వాసరీత్యా ప్రభుత్వ బీమాను వ్యతిరేకించేవాళ్ళకే, డబ్బు మిగుల్చుకోవడానికి కాదు.

భత్యానికి బదులు చర్చివాళ్ళు తమ ఇల్లే ఇస్తామంటే అద్దె బాధ తప్పుతుంది, కానీ రిటైరయ్యేనాటికి సొంతిల్లు ఉండదు. అందుకోసం ఏటా కొంత పొదుపు ఖాతాలో వేయమని పిలుపు షరతుల్లో రాయించుకోవాలి. బాయిలర్ పాడైతే ఎవరు పిలిపించాలి, ఎవరు డబ్బివ్వాలి అన్నదీ రాతలో ఉండాలి. లేకపోతే జనవరి చలిలో ప్రాపర్టీ కమిటీ మీటింగ్ కోసం ఎదురుచూడాలి.

ఈ శాఖలో సగానికి పైగా సంఘాల్లో సభ్యులు వందలోపే. కాబట్టి సగం రోజుల పోస్టు, లేదా రెండు ఊళ్ళ చర్చిలకు ఒకే పాస్టర్ అన్న పిలుపులు మామూలే. సగం పోస్టు అంటే వారానికి ఎన్ని గంటలు, అంత్యక్రియలు వచ్చిన వారం లెక్క ఏమిటి, మెడికల్ కవరేజీ భర్తకూ పిల్లలకూ ఉందా అని రాతపూర్వకంగా అడగాలి. రేపు పెళ్ళయ్యాక భర్త ఉద్యోగం రిమోట్ కాకపోతే ఊరి ఎంపికే మారిపోవచ్చు. అతను పియానో వాయిస్తాడనో, సండే స్కూల్ చూసుకుంటాడనో సంఘం ఆశపడుతుంది. పిలుస్తున్నది ఒక్కరినే అని ఇంటర్వ్యూలోనే నవ్వుతూ చెప్పేయడం నయం.