కోడిపెంట సంగతి ముందే చూసుకో

చిరంజీవి రాంబాబుకు, మామయ్య ఆశీస్సులు.

తణుకు దగ్గర గుడ్ల కోళ్ల ఫారం కౌలుకు తీసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మేత గురించి, గుడ్ల ధర గురించి నీకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. పెంట గురించి ఎవరూ చెప్పరు కనుక నేను రాస్తున్నాను.

కోడికి పట్టిన యాంటీబయాటిక్ అంతా ఒంటికి పట్టదు. చాలా మందుల్లో కొంత భాగం రెట్టలోనే బయటపడుతుంది. దానితోపాటు ఆ మందుకు చావని బ్యాక్టీరియా కూడా వస్తుంది. అది తన మొండితనాన్ని పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు సైతం అందించగలదు. కోడికి ఏ హానీ చేయని క్రిమి నుంచి మనిషిని మంచాన పడేసే క్రిమికి ఆ శక్తి చేరుతుంది.

మన డెల్టాలో ఎటు చూసినా నీళ్లే. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువు నింపుతారు. మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతా తాగేది ఆ నీళ్లే. అందుకని గట్టు పక్కన కుప్ప వేయకు. మెరక మీద గచ్చు చేయించి, పైన రేకులు వేయించు. చేపల చెరువులకని పచ్చి పెంట అడుగుతారు, డబ్బు వెంటనే చేతికొస్తుంది. అయినా ఇవ్వకు.

పెంటలో ఊకో తరిగిన గడ్డో కలుపు. పిడికిట పిండితే చెమ్మ తెలియాలి, నీరు కారకూడదు. కుప్ప నడుమ వేడి 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు నిలవాలి. ఆ లోపల కనీసం 5 సార్లు తిరగవేసి, అంచుల్లోది నడిమికి చేర్చు. థర్మామీటరు కొను. చేయి పెట్టి అంచనా వేసేవాళ్ల మాట నేను నమ్మను.

ఇంత చేసినా వేడికి క్రిములు చాలావరకు చస్తాయి కానీ, ఆ మొండితనపు జన్యువులు పూర్తిగా పోవు. కాబట్టి అసలు జాగ్రత్త మందు దగ్గరే. ముందుజాగ్రత్త అంటూ నీళ్లలో మందు కలపమనే డీలరుకు దండం పెట్టి పంపించు. టీకాలు వేళకు వేయించు, షెడ్డు పొడిగా ఉంచు. జబ్బు చేస్తే పశువుల డాక్టరు చీటీ మీదే మందు వాడు. ఆ రోజుల పెంటను వేరే కుప్ప వేయి. కొలిస్టిన్ మాత్రం ముట్టుకోకు. ఆసుపత్రుల్లో మరే మందూ పనిచేయనప్పుడు వాడేందుకు దాచుకున్నది అది. 2019 జులైలో కేంద్రం కోళ్లకు, పశువులకు, చేపలకు దాన్ని నిషేధించింది.

కౌలు కాగితం ఇంకా రాసుకోలేదట కదా. కుప్పకు మెరక జాగా, గచ్చు ఖర్చు ఎవరిదన్నది అందులో రాయించు. సంతకాలయ్యాక అడిగితే ఏ ఆసామీ వినడు.

మీ మామయ్య