అమెరికన్ గాయని, నటి బార్బ్రా స్ట్రైసాండ్ పాటలు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? 60ల నాటి ఆల్బమ్‌లు ఇప్పుడు వినగలమా?

వినగలం. అసలు మొదలుపెట్టాల్సిందే అక్కడి నుంచి. 1963లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరు 'ది బార్బ్రా స్ట్రైసాండ్ ఆల్బమ్'. దానితో మొదలుపెట్టి 1966 దాకా వచ్చినవి వరసగా వినేయండి, ఆ తర్వాత మీ ఇష్టం. యూట్యూబ్‌ని నమ్ముకుంటే అది తిన్నగా 1980 నాటి 'గిల్టీ' దగ్గరికి తీసుకెళ్తుంది. బీజీస్ అనే పాప్ బృందంలోని బ్యారీ గిబ్ చేసిన ఆల్బమ్, హాయిగానే ఉంటుంది, కానీ అది విని "ఓహో, ఈవిడంటే ఇంతేనా" అని వదిలేసినవాళ్లు మా స్నేహితుల్లోనే ఉన్నారు.

నేను కొన్నేళ్లు న్యూజెర్సీలో ఉద్యోగం చేశాను. అక్కడ వాడిన సామాన్లు అమ్మే షాపుల్లో పాత ఎల్పీలు, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డులు, పెట్టెల్లో పోసి ఉంటాయి, డాలరుకొకటి. ఏ పెట్టెలో చెయ్యి పెట్టినా ఈవిడ మొహమే. ఆ రోజుల్లో ఎన్ని అమ్ముడుపోయాయో దాన్నిబట్టే తెలుస్తుంది, చవగ్గా దొరుకుతున్నాయని నేనూ తెచ్చుకున్నాను. మొదట్లో నాకు ఇంగ్లీషు పాటంటే గిటారు, డ్రమ్సు, నాలుగు లైన్లు తిప్పి తిప్పి పాడటం. ఇవి అలా ఉండవు. ఎక్కువగా న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లలో ఆడే సంగీత నాటకాల పాటలు, పాత సినిమా పాటలు. అంటే ప్రతి పాట వెనకా ఒక మనిషి ఉంటుంది, ఆ మనిషికి ఏదో జరిగి ఉంటుంది. ఈవిడ ఆ మనిషైపోయి పాడుతుంది. చిన్నప్పటి నుంచి ఆవిడకి కావలసింది నటి అవ్వడం. 1960లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ పేటలోని 'ది లయన్' అనే బార్‌లో పాటల పోటీ గెలిచి, పక్కనే 'బోన్ స్వార్' అనే క్లబ్బులో పాడటం మొదలుపెట్టింది కానీ మనసంతా నాటకాల మీదే. ఈ సంగతి తెలిసి వింటే ఆ ఆల్బమ్‌లు వేరేగా వినపడతాయి.

'హ్యాపీ డేస్ ఆర్ హియర్ అగైన్' తీసుకోండి. 1932లో రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారానికి వాడిన పాట, బాజాభజంత్రీలతో గంతులేస్తూ పాడుకునేది. 1962లో ఒక టీవీ షోలో, 1929 షేర్ మార్కెట్ పతనంలో సర్వం పోగొట్టుకున్న డబ్బున్నావిడ వేషంలో ఈవిడ దాన్ని బాగా నెమ్మదిగా పాడింది. ఆల్బమ్‌లోనూ అదే పద్ధతి. మంచి రోజులొచ్చేశాయని మాటలు చెబుతుంటే గొంతు మాత్రం "ఏం మంచి రోజుల్లే" అంటూ ఉంటుంది. మొదట గుసగుసలా ఎత్తుకుని చివరికి తారస్థాయికి వెళ్లి అక్కడ పట్టి నిలబెడుతుంది చూడండి, అప్పటికి ఆవిడకి నిండా ఇరవై ఒకటి లేవు! 'క్రై మీ ఎ రివర్' కూడా అంతే, మామూలుగా అందరూ ఏడుపుగొట్టుగా పాడేదాన్ని ఈవిడ పళ్లు కొరుకుతూ పాడింది.

ఆ ఆల్బమ్‌ని 1963 జనవరిలో న్యూయార్క్‌లో కొద్ది రోజుల్లోనే రికార్డు చేశారు. ఖర్చు తక్కువ, వాయిద్యాలూ తక్కువే. పీటర్ మాట్జ్ అనే ఆయన ఆర్కెస్ట్రా కూర్చాడు. వాయిద్యాలు తక్కువ కావడమే మంచిదైంది, గొంతుకి అడ్డం రావు. దానికి ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. ఇంతకీ ఈవిడకి నొటేషన్ చదవడం రాదు! ఏం కావాలో కూనిరాగం తీసి చెబుతుందట.

ఇంకో ముఖ్యమైన విషయం కాంట్రాక్టు. 1962లో కొలంబియా రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరినప్పుడు డబ్బు తక్కువైనా ఫరవాలేదు, ఏం పాడాలో ఎలా పాడాలో మాత్రం నా ఇష్టం అని రాయించుకుంది. అప్పటికి పేరంటూ ఉన్నది ఒక బ్రాడ్‌వే నాటకంలో చేసిన చిన్న వేషంతోనే. ఆ పరిస్థితిలో ఎవరైనా డబ్బు అడుగుతారు. కంపెనీవాళ్లు మొదటి ఆల్బమ్‌కి 'స్వీట్ అండ్ సాసీ స్ట్రైసాండ్' అని పేరు పెడదామంటే కుదరదంది, తన పేరే పెట్టించుకుంది. నన్నడిగితే ఆ తర్వాతి అరవై ఏళ్ల కథంతా ఆ ఒక్క షరతులోంచి వచ్చిందే.

రెండో ఆల్బమ్ అదే ఏడాది ఆగస్టులో వచ్చింది, నాకు మొదటిదానికన్నా ఇదే ఇష్టం. ఇందులో హెరాల్డ్ ఆర్లెన్ అనే సంగీత దర్శకుడు బాణీ కట్టిన పాటలు ఎక్కువ. మూడోది కాస్త నిద్రమత్తుగా ఉంటుంది, రాత్రి లైట్లు తీసేశాక వినడానికి సరే. 1964లో 'ఫన్నీ గర్ల్' నాటకం, దాని పాటతో అదే ఏడాది 'పీపుల్' ఆల్బమ్. ఇది బీటిల్స్ వాళ్ల 'ఎ హార్డ్ డేస్ నైట్'ని దించి నంబర్ వన్ స్థానంలో కూర్చుంది. ఊరూవాడా బీటిల్స్ పిచ్చిలో ఉన్న ఏడాది అది. తర్వాత టీవీ కార్యక్రమాలతో పాటు వచ్చిన 'మై నేమ్ ఈజ్ బార్బ్రా', 'కలర్ మీ బార్బ్రా' కూడా వినండి. 1969 నాటి 'వాట్ అబౌట్ టుడే' వదిలేసినా నష్టం లేదు, కుర్రకారు పాటలు పాడాలని ఎవరో బలవంతపెట్టినట్టుంటుంది. కుర్రకారు సంగీతం ఆవిడకి కుదిరింది 1971లో 'స్టోనీ ఎండ్'తో.

సినిమాల గురించి ఎక్కువ రాయను. 1968 'ఫన్నీ గర్ల్'కి ఆస్కార్, అదీ క్యాథరిన్ హెప్‌బర్న్‌తో సమానంగా ఓట్లొచ్చి ఇద్దరికీ ఇచ్చారు. 1976 'ఎ స్టార్ ఈజ్ బార్న్'లో 'ఎవర్‌గ్రీన్' పాటకి బాణీ తనే కట్టి ఇంకో ఆస్కార్ పట్టింది. 1983లో 'యెంట్ల్' తీసింది, అందులో రాసినవాళ్లలో ఒకరు, నిర్మాత, దర్శకురాలు, హీరోయిన్, గాయని అన్నీ తనే. దీని గురించి అమెరికావాళ్లు మాట్లాడుతుంటే నాకు మన భానుమతి గారే గుర్తొస్తారు. ఆవిడ 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లో తీసి, తనే నటించి, తనే పాడారు. ఇద్దరిలోనూ ఒక పెంకితనం ఉంది, ప్లేబ్యాక్ గొంతు అరువు తెచ్చుకోనక్కర్లేని నటికి ఉండే ధీమా అనుకుంటాను. మా అత్తగారికి భానుమతి పాటలు ప్రాణం. ఒకసారి 'పీపుల్' పెడితే "ఈ పిల్లకి పొగరెక్కువలా ఉందే" అన్నారు, మెచ్చుకోలుగానే.

అలాంటి మనిషికి స్టేజీ అంటే భయం. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో లక్షమందికి పైగా జనం ముందు పాడుతూ మధ్యలో మాటలు మర్చిపోయింది. అది మనసులో ఉండిపోయి చాలా ఏళ్లు కచేరీలు మానేసింది. 1993 డిసెంబర్ 31న లాస్ వేగాస్‌లో మళ్లీ పెద్ద కచేరీ చేసి, 1994లో టూర్ వేసింది. ఎదురుగా తెరమీద పాటల మాటలు నడుస్తుంటేనే పాడేది.

మధ్యకాలంలో ఒక్కటే వింటానంటే 1985 నాటి 'ది బ్రాడ్‌వే ఆల్బమ్'. నాటకాల పాటలు ఇప్పుడెవరు కొంటారని కంపెనీ నసిగితే పట్టుబట్టి చేసింది, నంబర్ వన్ అయింది. మొదటి ఆల్బమ్ విన్న వెంటనే ఇది పెట్టండి. గొంతు కాస్త బరువెక్కింది, పాత అల్లరి తగ్గింది, గుక్క మాత్రం ఇంకా అలాగే ఉంది.

మాటలు అందకపోతే మొదటిసారి లిరిక్స్ ముందు పెట్టుకుని వినండి, ఇవి నేపథ్యంలో పెట్టుకుని వంట చేసుకునే పాటలు కావు. 2022లో 'లైవ్ ఎట్ ది బోన్ స్వార్' అని ఒకటి విడుదల చేశారు. నిజానికి కొలంబియావాళ్లు 1962 నవంబర్‌లో ఆ క్లబ్బులో రికార్డు చేసి, మొదటి ఆల్బమ్‌గా వేద్దామనుకుని పక్కన పెట్టేసింది. క్లబ్బులో జనం నవ్వులు, మధ్యలో ఆవిడ కబుర్లు అన్నీ ఉన్నాయి. స్టూడియో ఆల్బమ్ నచ్చితే తర్వాత అది వినండి. ఆత్మకథ కూడా 2023లో వచ్చింది, తొమ్మిది వందల పేజీలు దాటింది. నేను ఆడియోలో వింటున్నాను, చదివింది ఆవిడే. రోజూ ఆఫీసు ట్రాఫిక్‌లో కాస్త కాస్త వింటున్నా, ఇంకా 'యెంట్ల్' దాకా కూడా రాలేదు.