ఆడబిడ్డ వస్తోంది, కొడుకు పడవలో ఉంటున్నాడు

ప్రశ్న: మాది హనుమకొండ. మావారు గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైర్ అయ్యారు. ఒక్కడే కొడుకు. పరకాల దగ్గర 20 గుంటలు అమ్మి ఇంగ్లండ్‌లో చదివించాం. అక్కడే ఉద్యోగం దొరికింది, పెళ్లీ అయింది. ఇల్లు కొంటాడనుకుంటే నిరుడు పడవ కొన్నాడు. అదీ కొన్నాక చెప్పాడు. ఒక కాలువ మీద పడవలు కట్టుకునే మెరీనాలో కోడలితో కలిసి అందులోనే కాపురం ఉంటున్నాడు. అప్పటి నుంచి మావారు వాడితో మాట్లాడరు. చుట్టాలకు మాత్రం ఇల్లు కొన్నాడని చెప్పారు. నేనూ అదే చెప్తున్నాను, స్వీట్లు కూడా పంచాం. వీడియో కాల్ చేస్తే గుండ్రటి కిటికీ కనబడకుండా కూర్చోమని కోడలికి చెప్తున్నాను. మొన్న సద్దుల నాడు అక్కడి ఆడవాళ్లందరినీ పిలిచి బతుకమ్మ ఆడిందట. ఆ వీడియో ఎవరికీ చూపించలేకపోయాను. ఇప్పుడు మా ఆడబిడ్డ లెస్టర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి పోతోంది. మేనల్లుడి ఇల్లు చూసొస్తానంటోంది. ఆమె ఫోన్ చేస్తే మావారు నా చేతికిచ్చి బయటికి పోతారు. ఆమె ఉండే వారం రోజులైనా కిరాయి ఇంట్లో ఉండమంటే కొడుకు వినడం లేదు. వాణ్ని ఎట్లా ఒప్పించాలి? మావారి పరువు కాపాడటం నా ధర్మం కదా?
– ఒక తల్లి, హనుమకొండ

సలహా: అమ్మా, ఒప్పించకండి. మీరు అడిగినదానికి నా జవాబు అంతే. ఎవరి ఇల్లో వారానికి కిరాయికి తీసుకుని, ఎవరి సోఫాలోనో మేనత్తను కూర్చోబెట్టి, ఇది మా ఇల్లేనని మీ కోడలు చెప్పాలా? ఆ పిల్లలు ఒప్పుకోకపోవడమే మంచిదైంది.

ఇక మీరు అడగని సంగతికి వస్తాను. అక్క ఫోన్ చేస్తే మీ ఆయన ఫోన్ మీ చేతిలో పెట్టి బయటికి పోతారు. మీ కష్టమంతా అక్కడుంది. ఇల్లు కొన్నాడన్న అబద్ధం మొదట చెప్పింది ఆయన. దాన్ని రోజూ మోస్తున్నది మీరు. కొడుకు మీద కోపం ఆయనది, కొడుక్కి కబుర్లు చేర్చేది మీరు. రేపు అబద్ధం బయటపడితే ఆడబిడ్డ ముందు తలదించుకునేదీ మీరే. ఇన్నేళ్ల కాపురంలో ఇలాంటి మాటలన్నీ మీ నోటితోనే చెప్పించడం ఆయనకు అలవాటై ఉంటుంది, మీకూ అలవాటై ఉంటుంది. అందుకే మీ ఉత్తరంలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

ఆయన బాధ నాకు అర్థం కాక కాదు. భూమి అమ్మిన తండ్రికి కొన్నాక చెప్పడం మీ అబ్బాయి చేసిన తప్పే. ముందు చెబితే వద్దంటారని దాచి ఉంటాడు. కానీ తండ్రి ఏడాదిగా మాట మానేయడం వల్ల ఎవరికి నష్టం జరుగుతోందో చూడండి. ఇంగ్లండ్‌లో పడవలో ఉండటం వింతేమీ కాదు. బొగ్గు, సరుకులు మోయడానికి 18వ శతాబ్దం నుంచి తవ్విన కాలువలవి. అక్కడి కాలువల్లో ఎక్కువ భాగాన్ని 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే సంస్థ చూస్తోంది. దాని కింద ఉన్న సుమారు 3,200 కిలోమీటర్ల నీటి దారుల్లో 35 వేలకు పైగా పడవలు ఉన్నాయి. ఎంతోమందికి అదే ఇల్లు. అయితే దాని లెక్కలు దానికున్నాయి. చాలా మెరీనాల్లో పడవ కట్టుకోవడానికే అనుమతి ఉంటుంది, ఏడాది పొడవునా కాపురం ఉండాలంటే అది వేరే. సొంత రేవు లేని పడవ ఒకచోట 14 రోజులకు మించి ఉండకూడదని 1995 నాటి చట్టం. నాలుగేళ్లకోసారి భద్రతా సర్టిఫికెట్ తీసుకోవాలి. రెండు మూడేళ్లకోసారి పడవను నీళ్లలోంచి పైకి తీసి అడుగుభాగానికి నల్లరంగు వేయించాలి. ఇరుకు గదిలో బొగ్గుల పొయ్యి మండుతుంది కాబట్టి, విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 నుంచి తప్పనిసరి చేశారు. పడవ విలువ ఇల్లులా పెరుగుతుందనే ఆశ పెట్టుకోకూడదు.

నాయనా, నీ మెరీనాలో కాపురానికి పర్మిషన్ ఉందా, అలారం పెట్టించావా, రేపు పిల్లలు పుడితే ఏం చేస్తారు అని అడగాల్సింది తండ్రి. సర్వీసంతా కాగితాలు చూసిన మనిషి, ఆయన కంటే బాగా ఎవరు అడుగుతారు? ఆ ప్రశ్నలన్నీ మానేసి, చుట్టాలు ఏమనుకుంటారన్న ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నారు.

మీ కోడలి సంగతి చెబుతాను. నాకు ఎక్కువ బాధ కలిగింది ఆ పిల్ల గురించే. అక్కడి పడవలు చాలావరకు ఏడడుగుల వెడల్పు కూడా ఉండవు, ఇరుకు కాలువ గేట్లలో పట్టాలి కాబట్టి. అలాంటివి పక్కపక్కన కట్టి ఉంటాయి. ఒకరి దగ్గు ఇంకొకరికి వినబడుతుంది. అందుకే రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా ఇంజిన్ నడపవద్దని నియమం పెట్టుకున్నారు. చలికాలం నల్లా గడ్డకడితే నీళ్లున్నవాళ్లు లేనివాళ్లకు ఇస్తారు. ఊళ్లోకి పోయినవాళ్లు పక్కవాళ్ల గ్యాస్ సిలిండర్ కూడా తెస్తారు. గాలివాన వస్తే ఇంట్లో లేనివాళ్ల పడవ తాళ్లు ఉన్నవాళ్లు బిగిస్తారు. అక్కడ కొట్లాటలూ ఉంటాయి, ఒకరి సంగతి పది మందికి తెలియడమూ ఉంటుంది. మీ చిన్నప్పటి వాడకట్టు ఎలా ఉండేదో గుర్తుచేసుకోండి, ఇదీ అలాంటిదే. పోయిన ఏడాది వచ్చి చేరిన కోడలు ఆ వాడకట్టులో ఆడవాళ్లందరినీ పిలిచి, తంగేడు, గునుగు దొరకని దేశంలో బతుకమ్మ ఆడించింది! పద్మాక్షి గుట్ట కాడ వేలమందిలో ఆడటం కంటే అది కష్టమైన పని. అంత చేసిన పిల్లను మీరు వీడియో కాల్‌లో గోడకు ఆనుకుని, తన ఇంటి కిటికీని దాచుకుని కూర్చోమంటున్నారు. అది ఏం తప్పు చేసిందని?

భర్త పరువు కాపాడటం నా ధర్మం కదా అని అడిగారు. ధర్మమే. ఆయన కష్టంలో ఉంటే పక్కన నిలబడండి, పది మందిలో ఆయన్ని చిన్నబుచ్చకండి. కానీ ఆయన కోసం రోజూ అబద్ధం ఆడాలని, ఆ అబద్ధంలోకి కోడలిని కూడా లాగాలని ఏ ధర్మమూ చెప్పదు. నాకు ఈ విషయంలో రెండో మాట లేదు. ఆడదాని మాటకు విలువ పోతే తర్వాత ఆమె నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. మీ ఆడబిడ్డ అక్కడికి పోయి చూసి వచ్చాక మీరేం చెప్పినా ఆమె నమ్మదు.

ముందు మీ ఆయనకు చెప్పండి. అనుమతి అడగొద్దు, చెప్పండి. ‘మీ అక్కకు ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మీరు చెబుతానంటే ఆదివారం దాకా ఆగుతాను, లేకుంటే నేనే చెప్తాను’ అనండి. ఆయన కోప్పడతారు, అన్నం మానేయవచ్చు, కొడుకుతో మాట్లాడనట్టే మీతోనూ కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. భయపడి వెనక్కి తగ్గకండి. ఆయన మౌనానికి ఇంట్లో అందరూ లొంగుతూ వచ్చారు కాబట్టే అది ఏడాది పాటు సాగింది. ఒక పని మాత్రం ఈ రోజే మానేయండి: తండ్రీకొడుకుల మధ్య కబుర్లు మోయడం. కొడుకు ‘నాన్న ఎట్లున్నారు’ అంటే ‘నాన్ననే అడుగు’ అని ఫోన్ ఆయన దగ్గర పెట్టి, ఈసారి మీరు బయటికి పోండి.

ఆదివారం దాటితే ఆడబిడ్డకు మీరే ఫోన్ చేయండి. స్వీట్లు పంచిన సంగతి ఆమె ఎత్తకముందే మీరే ఎత్తండి, అబద్ధం చెప్పామని ఒప్పుకోండి. ఆమె రెండు మాటలు అంటుంది, పడండి. ఆ తర్వాత కోడలి బతుకమ్మ వీడియో పంపండి. చెక్క వంతెన మీద నడిచి పడవెక్కాలి, వానకు అది జారుతుంది, గట్టి చెప్పులు తెచ్చుకోమని కూడా చెప్పండి.