పద్మిని హెడ్‌లో థ్రెడ్ పోయిన బోల్టుకు హెలికాయిల్

అన్నా, మీ ప్రీమియర్ పద్మినిలో థర్మోస్టాట్ మూత బోల్టు ఎంత తిప్పినా బిగుసుకోవట్లేదు, ఎపాక్సీ పేస్టు పెట్టి లాగించొచ్చా అని అడిగారు. దయచేసి వద్దు. వేడికి అది వదిలేస్తుంది, మళ్లీ నీళ్లు కారతాయి.

ఆ బోల్టు దిగే ఇంజిన్ హెడ్ (ఇంజిన్ పైభాగం) అల్యూమినియం, బోల్టు స్టీలు. అందుకే థ్రెడ్ హెడ్‌వైపే అరిగింది. దీనికి హెలికాయిలే సరైన మందు, అంటే అరిగిన రంధ్రంలో కూర్చుని కొత్త థ్రెడ్‌గా పనిచేసే స్ప్రింగు లాంటి తీగచుట్ట. మీరు కొలిచిన 8 మి.మీ., 1.25 పిచ్ (థ్రెడ్ గీతల మధ్య దూరం, మి.మీ.లో) బోల్టుకు 8.3 మి.మీ. డ్రిల్ బిట్ కావాలి. ట్యాప్ (రంధ్రంలో థ్రెడ్ కోసే పనిముట్టు) మాత్రం హెలికాయిల్ కిట్‌లోదే వాడాలి, మామూలు 8 మి.మీ. ట్యాప్ పనికిరాదు.

ముందు కూలెంట్ దింపి, నీళ్ల దారిలో గుడ్డ కుక్కండి. బిట్‌కి, ట్యాప్‌కి గ్రీజు దట్టంగా పూస్తే లోహపు పొట్టు లోపల పడకుండా దానికే అంటుకుంటుంది. డ్రిల్ నిటారుగా దిగడమే ఇందులో అసలు పని. చెయ్యి కుదరట్లేదనిపిస్తే ఆపేసి లేత్ షాపుకి తీసుకెళ్లండి, ఇది పాడైతే ఇంకో హెడ్ దొరకడం కష్టం. ట్యాప్‌ని అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి.

తర్వాత హెలికాయిల్ స్ప్రింగును ఆ థ్రెడ్‌లోకి తిప్పండి. అది రంధ్రం పైఅంచుకన్నా అర చుట్టు లోపలికి దిగాక, అడుగున ఉన్న చిన్న తోకను సన్న పంచ్‌తో ఒక్క దెబ్బకు విరగ్గొట్టండి. ఆ ముక్క కోసం అయస్కాంతాన్నే నమ్ముకోవద్దు, చాలా కాయిళ్లు స్టెయిన్‌లెస్‌వి, సరిగా అంటుకోకపోవచ్చు. సన్న పట్టకారుతో తీయండి.