పల్మనరీ వాల్వ్‌లో నాలుగో రెక్క కనిపిస్తే

డిసెక్షన్‌లో (శవాన్ని కోసి చదివేటప్పుడు) పల్మనరీ వాల్వ్‌కు, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు నెత్తురు పోయే దారిలోని కవాటానికి, మూడు బదులు నాలుగు కస్పులు (రెక్కలు) కనిపించాయి, ఇది నిజమేనా, ఆ మనిషికి ఇబ్బంది ఉండేదా అని అడిగారు. ముందు మీ కత్తెరను అనుమానించండి.

వరంగల్‌లో నా ఫస్టియర్‌లో మా టేబుల్ మీద ఇదే జరిగింది. ఆ వాల్వ్ దగ్గర మొదలయ్యే పెద్ద రక్తనాళం పల్మనరీ ట్రంక్‌ను నిలువుగా కోసి తెరిచింది నేనే. గడ్డకట్టిన నెత్తురు కడిగి చూస్తే మూడు రెక్కలు దాదాపు సమానం, నాలుగోది చిటికెన వేలి గోరంత. "నువ్వే కోసినవ్‌రా" అని మావాళ్లు తేల్చేశారు. చెయ్యి వణికిన మాట నిజమే కాబట్టి నోరెత్తలేదు.

మేడమ్ వచ్చి తిట్టలేదు. "అంచు చూడు, దాని వెనక ఏముందో చూడు" అని ప్రోబ్ (తడిమి చూసే సన్నటి పుల్ల) చేతికిచ్చారు. కోత ఒక రెక్క మధ్యనుంచి పోతే, గోడను పరిచినప్పుడు దాని సగాలు రెండు చివర్లకు చేరి రెండు రెక్కల్లా కనిపిస్తాయి. చాలామంది లెక్క తప్పేది అక్కడే. మాది చివర్లో లేదు, రెండు రెక్కల నడుమ ఉంది. అంచు నున్నగా ఉంది, మధ్యలో చిన్న నాడ్యూల్ (బుడిపె) ఉంది, వెనక దానికంటూ ఒక సైనస్ (జేబులాంటి గుంత) ఉంది. కత్తెర రెక్కను రెండు చేస్తుంది గాని, వెనక కొత్త జేబు కుట్టదు కదా! కమిషర్లూ (పక్కపక్క రెక్కలు గోడ దగ్గర కలిసే చోట్లు) నాలుగే తేలాయి.

పిండంలో గుండె నుంచి బయల్దేరే ఒకే గొట్టం రెండుగా విడిపోయేటప్పుడు, రెక్కలు కావాల్సిన ఉబ్బెత్తుల్లో ఒకటి చీలినా, అదనంగా ఒకటి పుట్టినా ఇలా అవుతుందంటారు. పల్మనరీ వైపు సిస్టోలిక్ ప్రెషర్ (గుండె పిండినప్పటి ఒత్తిడి) 25 ఎంఎంహెచ్‌జీ దరిదాపుల్లోనే కాబట్టి చాలామందికి బతికినన్నాళ్లూ తెలియనే తెలియదు. మా టేబుల్ మీదున్నాయనా ముసలాయనే.

అదే అయోర్టాలో (ఒంటికంతా నెత్తురు తీసుకెళ్లే పెద్ద ధమని) అయితే వేరే కథ. అక్కడ ప్రెషర్ 120, నాలుగు రెక్కల వాల్వ్ ఇంకా అరుదు, నడివయసుకు లీక్ మొదలై కొందరికి ఆపరేషన్ దాకా పోతుంది. ఎకోలో (గుండె స్కాన్‌లో) మూసుకున్న మామూలు వాల్వ్ బెంజ్ కారు గుర్తులా ఉంటే, ఇది ఇంటూ గుర్తులా ఉంటుంది. రెక్కల సైజులను బట్టి 1973లో హర్విట్జ్, రాబర్ట్స్ అనే పరిశోధకులు నాలుగు రెక్కల వాల్వ్‌లను ఏ నుంచి జీ దాకా ఏడు రకాలు చేశారు. మూడు సమానం, ఒకటి చిన్నదైతే బీ.

అందుకే మీరూ అయోర్టా తెరిచి రెక్కలు లెక్కపెట్టండి, కరోనరీలు (గుండెకే నెత్తురిచ్చే ధమనులు) ఎక్కడ మొదలయ్యాయో రాసుకోండి. మాకు అక్కడ మూడే ఉన్నాయి. ఫొటో మాత్రం ఇక్కడ పెట్టకండి, మీ డిపార్ట్‌మెంట్‌లో చూపించండి.